వేరే దేశాల వాళ్లతో కలిసి పనిచేసేటప్పుడు నమ్మకం ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా, జర్మనీ టీమ్‌లతో పనిచేసేవాళ్లకు, శ్రీసిటీలో జపాన్ ఇంజనీర్ల పక్కన, పెనుకొండ వైపు కొరియా సూపర్‌వైజర్ల కింద లైన్ నడిపేవాళ్లకు, పరాయి దేశంలో కొత్త టీమ్‌లో చేరినవాళ్లకు మాటిమాటికీ వచ్చే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. వరసగా చదవనక్కర్లేదు. మీకు తగిలిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

నమ్మకం ఎక్కడైనా ఒకటే కదా, మధ్యలో సంస్కృతి ఎందుకు?

మాట మీద నిలబడేవాణ్ని నమ్మడం అన్ని దేశాల్లోనూ ఉంది. అయితే మాట నిలబెట్టుకున్నాడని దేన్నిబట్టి తేల్చుకుంటారో అక్కడ తేడా వస్తుంది. డేనియల్ మెక్‌అలిస్టర్ 1995లో అచ్చయిన తన పరిశోధనలో ఆఫీసు నమ్మకాన్ని రెండు పాయలుగా విడదీశాడు. ఒకటి బుర్ర లెక్కగట్టేది: పని వచ్చా, టైముకు ఇస్తాడా, ఇంతకు ముందు ఇచ్చాడా. రెండోది మనసుకు సంబంధించింది: నా కష్టం ఇతనికి పడుతుందా, నేను లేనప్పుడు నా గురించి ఏం మాట్లాడతాడు. 2009లో రాయ్ చువా, మైఖేల్ మోరిస్, పాల్ ఇంగ్రామ్ చైనా మేనేజర్లనూ అమెరికా మేనేజర్లనూ పోల్చి చూస్తే, చైనా వాళ్లలో ఈ రెండు పాయలూ బాగా కలిసిపోయి, అమెరికా వాళ్లలో చాలావరకు విడివిడిగా కనిపించాయి.

మన ఆఫీసులు ఈ విషయంలో చైనా పక్కనే నిలబడతాయని మా అభిప్రాయం. పెళ్లికి వచ్చినవాడు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూసి వెళ్లినవాడు, ఇంట్లో భోంచేసి వెళ్లినవాడు అంటే అతని పని మీద కూడా మనకు ఒక భరోసా వచ్చేస్తుంది. జర్మనీ మేనేజర్‌కు మీ పెళ్లికి రావడం సంతోషమే. కానీ ఆ రాత్రి తిన్న బిర్యానీ సోమవారం రావాల్సిన రిపోర్టుకు పూచీ కాదు. మీరు ఆప్యాయత చూపించి నమ్మకం సంపాదించాననుకుంటారు, ఆయన రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. చాలా టీమ్‌లలో చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

మేం "సరే" అన్నాక కూడా, ఒప్పుకుని చేయలేదని వాళ్లెందుకు అంటారు?

మన "సరే" మూడు పనులు చేస్తుంది: విన్నాను, అర్థమైంది, చేస్తాను. ఏ "సరే" ఏదో గొంతునుబట్టి, సాగదీతనుబట్టి మనకు తెలిసిపోతుంది. "అయిపోతుందండీ..." అని కాస్త లాగి అంటే మన మేనేజర్‌కు అనుమానం రావాల్సిందే. "చూద్దాం" అంటే చాలాసార్లు కాదనే. "ట్రై చేస్తాను" అంటే గట్టిగా అడక్కండి అని. అదే మాట ఇంగ్లీషులోకి మారి, ఫోన్లో, కెమెరా ఆపేసి పలికినప్పుడు ఆ సాగదీత ఎగిరిపోయి ఒట్టి "యస్" మిగులుతుంది. అవతలివాళ్లు దాన్నే రాసుకుంటారు. తలూపుడు సంగతి సరేసరి. అడ్డంగా, నిలువుగా కాకుండా మనం ఊపే తలకు చాలా దేశాల్లో అర్థమే లేదు.

అర్థంలో ఎక్కువ భాగం మాట చుట్టూ ఉన్న సందర్భంలో దాగుతుందా, పలికిన మాటలోనే ఉంటుందా అన్న తేడాను ఎడ్వర్డ్ హాల్ 1970ల్లోనే వివరించాడు. మనం, జపాన్, కొరియా మొదటి రకం. జర్మనీ, అమెరికా రెండో రకం. అలాగని మొదటి రకం వాళ్లిద్దరు కలిస్తే ఇబ్బంది ఉండదనుకోకండి. జపాన్ వాళ్ల "హై", కొరియా వాళ్ల "నే" కూడా చాలాసార్లు "వింటున్నాను" అని మాత్రమే. రెండు వైపులా "విన్నాం" అనుకుని లేచిన మీటింగ్‌లో నెల తర్వాత చూస్తే ఎవరూ ఏదీ ఒప్పుకుని ఉండరు.

పని ఒప్పుకునేటప్పుడు జవాబులో నాలుగు ముక్కలు ఉండేలా చూసుకోండి. నాకు అర్థమైన పని ఇది. ఇది మొదలుపెట్టాలంటే ఫలానావాళ్ల నుంచి ఫలానాది రావాలి. ఇచ్చే రోజు, గంట ఇది, ఎవరి గడియారం ప్రకారమో కూడా. తప్పిపోతే ఎక్కడ తప్పుతుంది. ఈ నాలుగోదాన్ని మనవాళ్లు అపశకునంలా వదిలేస్తారు. అవతలివాళ్లకు మాత్రం మీరు పనిని నిజంగా ఆలోచించారని చూపించేది అదే.

మీరే తెలుగువాళ్ల టీమ్‌ను నడుపుతుంటే "శుక్రవారానికి అవుతుందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఒకటే జవాబు వస్తుంది. "శుక్రవారానికి ఏది మిగిలిపోవచ్చు?" అని అడగండి. మిగలడం తప్పు కాదన్న సంగతి ప్రశ్నలోనే ఉంది కాబట్టి జవాబు నిజానికి దగ్గరగా వస్తుంది.

పని ఆలస్యమవుతుందని ఎప్పుడు చెప్పాలి? ముందే చెబితే చేతకానివాళ్లమనుకోరా?

చివరి రోజు చెబితేనే అనుకుంటారు. ఆలస్యాన్ని దాదాపు అందరూ క్షమిస్తారు. అది మీకు మంగళవారమే తెలిసి శుక్రవారం సాయంత్రం చెప్పారని తేలితే మాత్రం, ఆ తర్వాత మీరు "బాగానే నడుస్తోంది" అన్న ప్రతిసారీ మళ్లీ తవ్వి చూస్తారు. మన దగ్గర చివరి నిమిషం దాకా ఆగడానికి ఒక కారణం ఉంది. రాత్రి కూర్చుని ఎలాగోలా పూర్తి చేసేస్తే చెడు కబురు చెప్పే అవసరమే రాదు కదా అన్న ఆశ. పదిలో ఆరుసార్లు ఫలించినా, మిగిలిన నాలుగుసార్లే గుర్తుంటాయి.

మేం సూచించే కొలత ఇది: గడువులో సగం గడిచేసరికి పనిలో సగం కాకపోతే, ఆ రోజే రాయండి. ఇలా:

"లాగిన్ మార్పు శుక్రవారం సాయంత్రానికి అనుకున్నాం, సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు ఇస్తాం. మంగళవారం రావాల్సిన టెస్ట్ డేటా బుధవారం రాత్రి వచ్చింది. 6 టెస్టుల్లో 2 అయ్యాయి, శుక్రవారానికి 4 అవుతాయి. సోమవారం ఉదయం 10కి మళ్లీ రాస్తాను. శుక్రవారమే తప్పనిసరి అయితే 4 టెస్టుల వరకు ఇవ్వగలం, ఏది కావాలో రేపు మధ్యాహ్నం లోగా చెప్పండి."

కొత్త తేదీ మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. మనవాళ్ల మెయిళ్లలో మూడు పేరాల కారణాల తర్వాత ఎక్కడో అడుగున ఉంటుంది. చదివేవాడు అక్కడికి వెళ్లేలోపే ఇది సాకు అనుకుంటాడు. ఇంకో జాగ్రత్త: కొత్త తేదీ కూడా తప్పితే మొదటిసారి తప్పినదానికన్నా చాలా ఎక్కువ నష్టం. అందుకని రెండోసారి ఇచ్చే తేదీలో ఒక రోజు అదనంగా కలుపుకోండి.

జపాన్ వాళ్లు అడిగిందే అడుగుతారు, ప్రతి చిన్నదీ రిపోర్టు చేయమంటారు. మమ్మల్ని నమ్మరా?

మన కళ్లకు అనుమానంలా కనిపించేది వాళ్ల దగ్గర మామూలు మర్యాద. చిన్నవాళ్లు పైవాళ్లకు పని ఎక్కడి దాకా వచ్చిందో చెప్పడం, సంబంధం ఉన్న అందరికీ కబురు పెట్టడం, చిక్కు వస్తే తేల్చేముందు సలహా అడగడం: ఈ మూడింటి మొదటి ముక్కలు కలిపి "హోరెన్సో" అంటారు. పాలకూరను కూడా వాళ్ల భాషలో అలాగే పిలుస్తారు కాబట్టి కొత్త ఉద్యోగులకు ఇట్టే గుర్తుండిపోతుంది. అడక్కముందే చెప్పేవాడు నమ్మదగినవాడు. అడిగితే తప్ప నోరు విప్పనివాడు, పని ఎంత బాగా చేసినా, కనిపెట్టి ఉండాల్సిన మనిషి.

తోషియో యమగిషి 1994లో జపాన్, అమెరికా వాళ్లను పోల్చి చేసిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ముక్కూమొహం తెలియని మనుషుల మీద సాధారణంగా ఉండే నమ్మకం అమెరికా వాళ్లలోనే ఎక్కువ కనిపించింది. జపాన్‌లో చాలాకాలం సాగే సంబంధాలు, ఒకరి మీద ఒకరు వేసి ఉంచే కన్ను వల్ల వచ్చే భరోసా మీద పని నడుస్తుందని ఆయన వివరణ. అంటే మీరు కొత్త కాబట్టి ఆ భరోసా ఇంకా కుదరలేదు. కుదిరే దారి రిపోర్టులే.

ఆచరణలో: రోజూ ఒకే టైముకు, ఐదు లైన్లకు మించకుండా రాయండి. ఏమీ జరగని రోజు "ఈరోజు మార్పు లేదు" అని రాయడం మానకండి. మూడు నెలలు ఇలా నడిస్తే అడగడం దానంతట అదే తగ్గుతుంది. మధ్యలో రెండు రోజులు ఆపితే మళ్లీ మొదటికే.

మీటింగ్‌లో కొత్త ప్రతిపాదన పెట్టి అక్కడే ఒప్పించాలని చూడకండి. ఒక చెట్టును వేరే చోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేసుకోవడాన్ని "నెమవాషి" అంటారు, ఆఫీసులోనూ ఆ మాటే వాడతారు. సంబంధం ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ విడిగా వెళ్లి, కాగితం చూపించి, అభ్యంతరం విని, మార్చుకుని అప్పుడు మీటింగ్‌కు రావాలి. మీటింగ్ అప్పటికే కుదిరినదానికి ముద్ర వేయడానికి. "కెంతో షిమాస్" అంటే పరిశీలిస్తామని. మన "చూద్దాం"కు అది సొంత తోబుట్టువు.

ఫ్యాక్టరీలో అయితే ఒకటే మాట: లోపం దాచకండి. టయోటా పద్ధతిలో లోపం కనిపించగానే తాడు లాగడమో బటన్ నొక్కడమో ఆపరేటర్ బాధ్యత, అప్పుడు వెలిగే దీపాన్ని "ఆందోన్" అంటారు. తిడతారని భయపడి లోపమున్న ముక్కను ముందుకు పంపినవాడి మీద నమ్మకం తిరిగి రావడం చాలా కష్టం. దీపం వెలిగించినవాణ్ని "ఎందుకు జరిగింది?" అని వరసగా ఐదారుసార్లు అడుగుతారు. అవి ప్రక్రియ గురించి అడిగే ప్రశ్నలు. "ఎవరు చేశారు" అన్న జవాబుతో ఆగిపోతే మళ్లీ అడుగుతారు.

కొరియా సూపర్‌వైజర్లు వయసు, పెళ్లి అడుగుతారు, గొంతు పెంచుతారు. ఎలా అర్థం చేసుకోవాలి?

వయసు అడగడంలో ఆరా తక్కువ, వ్యాకరణం ఎక్కువ. ఎదుటివాళ్లు పెద్దో చిన్నో తెలియకపోతే కొరియా భాషలో క్రియను ఎలా ముగించాలో తేలదు. "నువ్వు" అనాలా "మీరు" అనాలా, అన్న అనాలా తమ్ముడు అనాలా అని తడబడే మనకు ఇది కొత్త కాదు. పేరుతో పిలవకండి. హోదా చెప్పి చివర "నిమ్" తగిలించండి: క్వాజాంగ్‌నిమ్ (సెక్షన్ హెడ్), బుజాంగ్‌నిమ్ (డిపార్ట్‌మెంట్ హెడ్). ఆ "నిమ్" మన "గారు" లాంటిదే. ఏదైనా ఇచ్చినా తీసుకున్నా రెండు చేతులతో.

"పల్లి పల్లి" అంటే త్వరగా త్వరగా అని. వేరుశనగలతో సంబంధం లేదు. పూర్తయ్యాక ఒకేసారి చూపిద్దామని ఆగకుండా, సగంలో ఉన్నదాన్ని చూపించడం ఇక్కడ లాభం. తిరగరాయడం వాళ్లకు మామూలే, కదలిక కనిపించకపోవడమే కంగారు. అడక్కుండానే ఎదుటివాళ్ల అవసరం పసిగట్టే గుణాన్ని "నున్చి" అంటారు, దానికి విలువ ఎక్కువ. మన పెద్దవాళ్లు "కనిపెట్టుకుని ఉండు" అనేది దానికి దగ్గర.

ఎక్కువ చెడేది దుబాసీ దగ్గర. కొరియా, ఇంగ్లీషు, తెలుగు అని మూడు భాషలు దాటేసరికి "ఎందుకు ఆగింది?" అన్నది "ఎందుకు ఆపావు?" అయిపోతుంది. స్టేషన్ నంబరు, పార్ట్ నంబరు, టార్క్ విలువ, ఎన్ని ముక్కలు, ఎన్ని గంటలకు: ఇవి బోర్డు మీద అంకెల్లో రాసి, బొమ్మ గీసి మాట్లాడండి. అంకెకు అనువాదం అక్కర్లేదు.

పని అయ్యాక కలిసి తినడం, తాగడం "హ్వెషిక్". మానేస్తే దూరమైనట్టే ఉంటుంది కానీ తాగడం తప్పనిసరి కాదు. గ్లాసులో జ్యూస్ పోసుకుని, పెద్దవాళ్లకు రెండు చేతులతో పోస్తే సరిపోతుంది. రాత్రి పొద్దుపోయాక సాగే రెండో విడతకు ఆడవాళ్లు గానీ మగవాళ్లు గానీ వెళ్లకపోయినా ఎవరూ తప్పు పట్టకూడదు. గొంతు పెంచడం ఒకటి, అవమానించడం ఇంకొకటి. కొరియాలోనే 2019 జులై నుంచి హోదా అడ్డుపెట్టుకుని వేధించడం కార్మిక చట్టం ప్రకారం నిషిద్ధం. "వాళ్ల సంస్కృతి అంతే" అని సర్దుకుపోవాల్సిన పని లేదు. తేదీ, టైము, అన్న మాట, అక్కడున్నవాళ్లు రాసి పెట్టుకుని హెచ్‌ఆర్‌కు ఇవ్వండి.

జర్మనీ సహోద్యోగి అందరి ముందూ నా పనిలో తప్పులు చదివాడు. పగ ఏమైనా ఉందా?

చాలావరకు ఉండదు. పనిని విమర్శించడం మనిషిని విమర్శించడం కాదన్న గీత అక్కడ గట్టిది. మధ్యాహ్నం అతనే మీ పక్కన కూర్చుని భోంచేస్తాడు. తప్పులు చెప్పడం మానేసి "బాగుంది" అని ముక్తసరిగా అనడం మొదలుపెట్టాడంటే అప్పుడు కంగారుపడండి.

జవాబుగా "సారీ" అని వదిలేయకండి. ఒప్పుకునేవి ఏవి, ఒప్పుకోనివి ఏవి, ఎందుకు అని ఒక్కొక్కటీ విడదీసి చెప్పండి. కారణంతో వాదించినవాడి మీద అక్కడ గౌరవం పెరుగుతుంది. మీటింగ్ అయ్యాక "ప్రోటోకోల్" వస్తుంది, అంటే నిర్ణయాలు, బాధ్యులు, తేదీల రాత ప్రతి. అందులో మీ పేరు పక్కన తప్పు తేదీ ఉంటే 24 గంటల్లో చెప్పండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

"జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. "డూ"కు మారదామని పెద్దవాళ్లో పై హోదా వాళ్లో అడగాలి, ఆ తర్వాత కూడా దాన్ని చనువుగా అనుకోకండి. పని ముగిశాక ఫోన్ చేయకండి, సెలవులో ఉన్నవాళ్లకు అసలు చేయకండి. ఇంకొకటి మనవాళ్లకు తరచూ తెలియక తగులుతుంది: అక్కడ ఉద్యోగులు ఎన్నుకున్న "బెట్రీబ్స్‌రాట్" అనే మండలి ఉన్న కంపెనీల్లో, ఉద్యోగుల నడవడిని గమనించగల ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా ఆ మండలితో ఒప్పందం కావాలి. హైదరాబాద్ నుంచి మీరు మామూలుగా "ఎవరు ఎన్ని టికెట్లు మూశారు" అని, అంటే నమోదైన పనుల్లో ఎవరు ఎన్ని ముగించారో, పేర్లతో చార్టు పంపితే అక్కడ పెద్ద దుమారం లేవొచ్చు. పేర్లు తీసేసి టీమ్ మొత్తంగా పంపండి.

అమెరికా మేనేజర్ మీటింగ్‌లో నవ్వుతూ మెచ్చుకున్నాడు, వారం తర్వాత ఎస్కలేషన్ (పైవాళ్లకు ఫిర్యాదు) వచ్చింది. ఏం జరిగింది?

మెచ్చుకోలు మధ్యలో చెప్పిన అసలు మాటను మీరు దాటేశారు. "గ్రేట్ వర్క్, ఒక్క చిన్న విషయం, ఓవరాల్‌గా అదిరింది" అన్నప్పుడు సరుకంతా ఆ చిన్న విషయంలో ఉంటుంది. "ఇంట్రెస్టింగ్ ఐడియా" అన్నాక వెంటనే వేరే అంశంలోకి వెళ్తే ఆ ఐడియా పోయినట్టే. పేరు పెట్టి పిలవడం, పిల్లల గురించి అడగడం స్నేహపూర్వకమే. దాన్ని మన లెక్కలో దగ్గరితనంగా కొలవకండి. అక్కడ నమ్మకం ముందుగానే కొంత అప్పుగా ఇస్తారు, పని చూసి పెంచుతారు లేదా లాగేసుకుంటారు. మెయిల్‌కు ఒక పనిదినంలో జవాబు లేకపోతే ఆ అప్పు తరగడం మొదలవుతుంది. జవాబు తెలియకపోయినా "చూశాను, గురువారం చెబుతాను" అని రాస్తే చాలు.

మా వాళ్లు మేనేజర్ ముందు నోరు తెరవరు. బయటకొచ్చాక లోపాలన్నీ చెబుతారు. ఎలా మార్చాలి?

దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చిన గీర్ట్ హాఫ్‌స్టెడ్ లెక్కల్లో "అధికార దూరం", అంటే పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య ఎడాన్ని ఎంత సహజమనుకుంటారన్నది, భారత్‌కు 77, దక్షిణ కొరియాకు 60, జపాన్‌కు 54, అమెరికాకు 40, జర్మనీకి 35. పై మనిషి మాటకు ఎదురు చెప్పకపోవడం సహజమనుకునే తీరు మన దగ్గర ఎక్కువని దాని సారాంశం. ఎదురు చెప్పడం అమర్యాద అని బడిలోనే నేర్చుకుని వచ్చినవాళ్లను, "మొహమాటం వద్దు, చెప్పండి" అనే ఒక్క వాక్యం మార్చదు.

మార్చేవి కొన్ని ఉన్నాయి. మేనేజర్ తన అభిప్రాయం చివర చెప్పాలి. ఆయన ముందు చెప్పేస్తే మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తలా రెండు ఇబ్బందులు కాగితం మీద రాసి, పేర్లు లేకుండా కలిపి చదవాలి. అనుభవం తక్కువ ఉన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఎవరైనా చెడు కబురు చెప్పినప్పుడు మేనేజర్ ముఖం ఎలా మారుతుందో గది మొత్తం చూస్తుంది. మొదటిసారి "ఇప్పుడా చెప్పేది?" అన్నారంటే, రెండోసారి వినే అవకాశం రాదు.

ఎమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశీలన చేసినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదైనట్టు కనిపించింది. పొరపాట్లు ఎక్కువ జరగడం కన్నా, చెప్పుకునే ధైర్యం ఎక్కువ ఉండటమే అందుకు కారణమని ఆమె తేల్చింది. మీ టీమ్ నుంచి నెలంతా ఒక్క లోపం కూడా రిపోర్టు కాలేదంటే పండగ చేసుకోకండి.

టీమ్‌లో అందరం తెలుగే, ఒక్కరు తప్ప. తెలుగులో మాట్లాడుకుంటే తప్పా?

టీ దగ్గర తప్పు కాదు. పని మాట ఎత్తినప్పుడు తప్పే. పక్కన కూర్చున్న మలయాళీకో బెంగాలీకో మీరు చెప్పుకునేది తన గురించి కాదని తెలిసే దారి లేదు, ముఖ్యంగా మధ్యలో తన పేరు వినిపించి అందరూ నవ్వినప్పుడు. అంతకన్నా పెద్ద చిల్లు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు. నిర్ణయాలు అక్కడ జరిగిపోతాయి, ఆ ఒక్కరికీ మర్నాడు తెలుస్తుంది. గ్రూపు ఉంచుకోండి, సినిమాలకూ క్రికెట్‌కూ. పని సంగతి అక్కడ మొదలైతే ఎవరో ఒకరు దాన్ని టీమ్ ఛానెల్‌లోకి మార్చాలి. తెలుగులో తప్పదనుకుంటే మాట్లాడాక అక్కడికక్కడే రెండు వాక్యాల్లో ఇంగ్లీషులో చెప్పేయండి.

"మీది ఏ ఊరు? ఇంటిపేరేంటి?" అని పలకరిస్తే కొందరు ముడుచుకుపోతారేం?

ఊరు, జిల్లా, ఇంటిపేరు, నాన్నగారి ఉద్యోగం: ఈ నాలుగూ అయ్యేసరికి అడిగినవాళ్లకు చాలాసార్లు కులం తెలిసిపోతుంది. "శాకాహారులా?" అనేది కూడా కొన్ని నోళ్లలో ఆ ప్రశ్నే. అడిగినవాడికి మనవాడా కాదా అని దగ్గరితనం వెతుక్కోవడం, చెప్పేవాడికి తూకం వేస్తున్నారన్న అనుమానం. "మనవాడు" అన్న మాట లోపలివాళ్లకు ఎంత వెచ్చగా ఉంటుందో బయటివాళ్లకు అంత చల్లగా ఉంటుంది. దీన్ని నమ్మకం కట్టే పద్ధతిగా సమర్థించేవాళ్లు ఉన్నారు. మేం ఒప్పుకోం. అది టీమ్‌లో ఒక భాగాన్ని కట్టి మిగతా భాగాన్ని విడగొడుతుంది.

ఇది పరాయి దేశానికీ వెంట వస్తుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. కాబట్టి అక్కడి ఆఫీసులో ఇలాంటి ఆరా చట్టం దాకా వెళ్లవచ్చు.

పలకరించడానికి వేరే దార్లు బోలెడు: ఇక్కడికి ముందు ఏ టీమ్‌లో చేశారు, ఏ పని ఇష్టం, రోజూ ఎంత దూరం నుంచి వస్తారు. యాస మీద జోకులు, అటు తెలంగాణ మీదైనా ఇటు సీమ, ఉత్తరాంధ్రల మీదైనా, కొత్తవాళ్లున్న చోట వద్దు. రిఫరల్ ద్వారా వచ్చిన అభ్యర్థిని రిఫర్ చేసినవాళ్లు ఇంటర్వ్యూ చేయకూడదన్న నియమం పెడితే సగం గుసగుసలు ఆగుతాయి.

ఎప్పుడూ చూడని మనుషులతో కొత్త టీమ్. మొదటి రెండు వారాల్లో ఏం చేయాలి?

సిర్క యార్వెన్‌పా, డొరొథీ లీడ్నర్ 1999లో వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్ల టీమ్‌ల మీద ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లో వ్యక్తిగత కబుర్లు, ఉత్సాహం నమ్మకాన్ని మొదలుపెట్టడానికి పనికొచ్చాయి, చివరిదాకా నిలిపింది మాత్రం క్రమం తప్పని జవాబులు, అడక్కుండా చొరవ తీసుకోవడం. మొదటి మూడు రోజుల్లో ఒక చిన్న పని, రెండు మూడు గంటలది, తీసుకుని చెప్పిన గంటకు ఇచ్చేయండి. పెద్ద పనితో మొదలుపెడితే రుజువు చూపించడానికే నెల పడుతుంది. పేరు ఎలా పలకాలో, ఏది ఇంటిపేరో ప్రొఫైల్‌లో రాయండి. మన ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి చాలామందిని జీవితాంతం ఇంటిపేరుతోనే పిలుస్తారు.

మీటింగ్ టైము గొడవలు నమ్మకం దాకా వెళ్తాయా?

వెళ్తాయి. ఎప్పుడూ ఒకే వైపు వాళ్లు నిద్ర మానుకుంటే, తమ టైముకు విలువ లేదని వాళ్లకు అర్థమవుతుంది. జర్మనీ మనకన్నా చలికాలం 4:30 గంటలు, వేసవిలో 3:30 గంటలు వెనక. న్యూయార్క్ 10:30, వేసవిలో 9:30 వెనక. జపాన్, కొరియా ఎప్పుడూ 3:30 ముందు. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. యూరప్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాలు. ఈ రెండు మార్పుల నడుమ వచ్చే వారాల్లో మూడు దేశాల మీటింగ్ గంట జరిగిపోయి ఎవరో ఒకరు ఖాళీ గదిలో కూర్చుంటారు. కాలిఫోర్నియాతో అయితే వాళ్ల ఉదయం 9 మనకు చలికాలం రాత్రి 10:30. నెలకు రెండు వారాలు మనం రాత్రి, రెండు వారాలు వాళ్లు రాత్రి అని అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

తప్పు జరిగిపోయింది. క్షమాపణ ఎలా చెప్పాలి?

ముందు ఏం దెబ్బతిందో చూడండి. రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ స్కూర్మన్ 1995లో చెప్పిన మూడింటిలో, అంటే సామర్థ్యం, మేలు కోరడం, నిజాయతీలో, ఏది? పని రాక జరిగిన తప్పును ఒప్పుకుంటే, నేర్చుకుంటాడులే అని సర్దుకుంటారు. తెలిసి దాచిన తప్పుకు క్షమాపణ ఒక్కటే సరిపోదు. దాచడానికి వీల్లేని ఏర్పాటు కూడా చూపించాలి.

క్షమాపణ మాటకే రెండు అర్థాలున్నాయి. అమెరికా వాళ్లు దాన్ని ఎక్కువగా తప్పు నాదేనని ఒప్పుకోవడంగా వింటారు, జపాన్ వాళ్లు జరిగినదానికి విచారించడంగా వింటారని పోలిక అధ్యయనాలు చూపించాయి. జపాన్ క్లయింట్‌కు తప్పు ఎవరిదో తేలకముందే విచారం చెప్పండి, రెండు మూడు రోజుల్లో కారణం, మళ్లీ జరక్కుండా మార్చిన పద్ధతి కాగితం మీద ఇవ్వండి. అమెరికా క్లయింట్‌కు ఏం జరిగింది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఎప్పటికి సరి అవుతుంది, ఈ వరసలో. "సారీ సార్, సారీ సార్" అని ఐదుసార్లు అనడం ఎక్కడా పనిచేయదు.

ఈ దేశాల లెక్కల్ని ఎంతవరకు నమ్మాలి?

కొద్దిగా. హాఫ్‌స్టెడ్ అంకెలకు మూలం 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి తీసుకున్న జవాబులు. అవి దేశాల సగటులు, మీ పక్క సీటు మనిషివి కావు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1982లో మూతపడిన జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీని 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచినప్పుడు, చాలావరకు పాత కార్మికులనే తీసుకున్నారు. లైన్ ఆపే హక్కు వాళ్ల చేతికిచ్చి పద్ధతి మారిస్తే నాణ్యత బాగా పెరిగింది. మనుషులు వాళ్లే. అందుకే ఎదుటివాళ్ల దేశం చూసి తేల్చుకునే ముందు వాళ్ల ఆఫీసులో చెడు కబురు చెప్పినవాడికి ఏమవుతుందో కనుక్కోండి.

వెళ్లేటప్పుడు స్వీట్లు తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లండి, టీమ్ మొత్తానికి కలిపి. జపాన్‌లో విడివిడిగా చుట్టి ఉన్నవి మేలు, ఎవరి బల్ల మీద వాళ్లకు పెట్టవచ్చు. జపాన్, కొరియా రెండింట్లోనూ నాలుగు అంకె చావు మాటలా వినిపిస్తుంది కాబట్టి నాలుగు ముక్కల పెట్టె వద్దు. జర్మనీలో, అమెరికాలో చాలా కంపెనీలకు కానుకల విలువ మీద పరిమితి ఉంటుంది, క్లయింట్‌కు ఖరీదైనది ఇస్తే ఆయన్ని ఇబ్బంది పెట్టినట్టే. ఆత్రేయపురం పూతరేకులు విమానం దిగేసరికి పొడి అయిపోతాయి. కాకినాడ కాజా పాకం కారుతుంది, గట్టి డబ్బాలో పెట్టాలి. అన్నిటికన్నా తేలిగ్గా చేరేవి బందరు లడ్డూలు. నెయ్యి, జీడిపప్పు ఉన్నాయని పెట్టె మీద రాసి పెట్టండి.